ఒదుగుల ఊరు

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టకముందు, ఎర్రమట్టి మైదానం నడుమ వేణుపురి అని ఒక పట్నం ఉండేది.

అక్కడి ఎండ మహా కటువు. అందుకని ఆ పట్నం కట్టినవాళ్ళు ఇంటికి ఇల్లు ఆనించి, ఒకదాని నీడ ఒకదాని మీద పడేలా కట్టుకున్నారు. వీధి మధ్యన నిలబడి రెండు చేతులూ చాపితే రెండు వైపుల గోడలూ అందేవి. తలెత్తి చూస్తే ఆకాశం సన్నని నీలం పట్టీలా కనబడేది. సాయంత్రం గాలి ఆ వీధుల్లో దూరితే, ఎవరో దూరాన కూర్చుని పిల్లనగ్రోవి ఊదుతున్నట్టే ఉండేది. ఆ ఊరి తల్లులకు జోల పాడే పని ఉండేది కాదట. గాలే పాడేసేదట.

మరి అంత ఇరుకు వీధిలో ఇద్దరు ఎదురుపడితే ఎట్లా?

దానికీ ఒక ఏర్పాటు ఉంది. ప్రతి పదిళ్ళకూ గోడలో ఒక మనిషి నిలబడేంత గూడు వదిలారు. దాన్ని ఒదుగు అనేవారు. ఎవరి చేతిలో బరువు తక్కువో వాళ్ళు వెనక్కి నడిచి ఒదుగులో నిలబడాలి. బరువు ఎక్కువున్నవాళ్ళు సాగిపోవాలి. ఇది ఏ రాతిమీదా చెక్కిన మాట కాదు. పిల్లలకు నడకతోపాటే వచ్చేసేది.

అందువల్ల ఆ ఊళ్ళో ఎవరు ఎదురైనా ముందు చేతులు చూసేవారు, తర్వాతే మొహం. చూశాక పలకరించకుండా ఉంటారా?

"ఏం వదినా, బుట్టలో రెండు సొరకాయలున్నాయి. ఎవరొచ్చారు చుట్టాలు?"

"మీ అన్నయ్య మేనత్త. నెలదాకా కదలదు, చూస్తూ ఉండు."

మాటలు మానుకున్నవాళ్ళు కూడా ఎదురైతే ఆగాలి, ఎవరి బరువెంతో చూసుకోవాలి. చూసుకునేసరికి సగం కోపం పోయేది.

ఇట్లా ఉండగా ఆ ఊరి రాజు పిల్లలు లేకుండానే చనిపోయాడు. ఆయన మేనల్లుడు మణికంధరుడు గద్దె ఎక్కాడు. అతను పుట్టి పెరిగింది ఇంకో నగరంలో. అక్కడి వీధుల్లో నాలుగు ఏనుగులు పక్కపక్కనే నడిచేవి. రాజు వస్తున్నాడంటే జనం ఆమడ దూరం తప్పుకునేవారు. ఆ నగరం అతనికి నేర్పింది అదే.

కొత్త రాజు ఊరు చూద్దామని బయలుదేరాడు. ఏనుగు వీధిలో పట్టలేదు. పల్లకీ కూడా పట్టలేదు. సరేలెమ్మని పట్టుబట్టలతో, ఒక భటుడితో, నడిచే వెళ్ళాడు.

మొదట కుమ్మరి పైడమ్మ ఎదురైంది. ఆమె నెత్తిన కుండల గంప ఉంది.

"రాజుగారు! తప్పుకో!" అని భటుడు అరిచాడు.

పైడమ్మ గంప కింద నుంచి కళ్ళు చిట్లించి చూసింది. "దణ్ణాలు దొరా. చేతిలో ఏమీ లేనట్టుందే?"

"నా నెత్తిన రాజ్యభారం ఉంది!" అన్నాడు రాజు.

"అయ్యో, ఎంత బరువో పాపం! అట్లా ఒదుగులో దించుకుని కాసేపు ఊపిరి తీసుకోండి. ఈలోగా నేను దాటిపోతాను."

పై కిటికీల్లోంచి చూస్తున్న ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు పళ్ళు కొరుక్కుంటూ ఒదుగులోకి తగ్గాడు.

తర్వాత ఒక చిన్నపిల్ల ఎదురైంది. పక్కింటి నుంచి దీపం వెలిగించుకుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ వస్తోంది. రాజు ఏదో అనబోయాడు.

"మామయ్యా, మాట్లాడకు. నీ గాలికి ఆరిపోతుంది" అంది ఆ పిల్ల గుసగుసగా.

ఆ చిన్న వెలుగు గోడల మీద బంగారం పూసుకుంటూ వెళ్ళిపోయేదాకా రాజు ఊపిరి బిగబట్టి ఒదుగులోనే నిలబడ్డాడు.

మూడోసారి ఒక ముసలాయన ఎదురయ్యాడు. ఆయన చేతులు ఖాళీ. రాజుకు హుషారు వచ్చింది. "ఇప్పుడు చెప్పు! నీ చేతిలో ఏముంది?"

ముసలాయన రాజును చూడనే లేదు. చూపు ఎక్కడో ఉంది. కిటికీలోంచి ఒకావిడ మెల్లగా అంది. "నిన్ననే ఇల్లాలిని కాటికి సాగనంపి వచ్చాడు దొరా. బరువుంది. తప్పుకోండి."

రాజు తప్పుకున్నాడు. కానీ పట్టుబట్టల నిండా సున్నం అంటింది. ఆ సున్నం చూసుకున్నకొద్దీ అతనికి ఒళ్ళు మండిపోయింది. మేడకు చేరగానే ఆజ్ఞ వేశాడు. "పున్నమి మర్నాడు ఉత్తర వీధిలో ఒక వరస ఇళ్ళన్నీ పడగొట్టండి. నాలుగు ఏనుగులు పట్టేంత వీధి వెయ్యండి. ముందు ఆ కుమ్మరిదాని ఇంటితోనే మొదలుపెట్టండి."

జనం వచ్చి దణ్ణం పెట్టారు. "మేం ఎక్కడికి పోతాం దొరా?"

"ఊరి బయట మైదానం ఉంది కదా" అన్నాడు రాజు.

ఆ ఎండ మైదానంలో చంటిపిల్లలతో ఎట్లా బతకడం? ఊరు ఊరంతా దిగులు పడింది. సాయంత్రం గాలి వీస్తే, ఈ పాట ఇంక ఎన్నాళ్ళు వింటామో అని చెవులు అప్పగించి కూర్చున్నారు.

పున్నమి రానే వచ్చింది. సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నం రాజుగారి నాలుగేళ్ళ కూతురు కువలయకు జ్వరం తగిలింది. రాజుకు ఆ పిల్లంటే ప్రాణం. చూస్తూండగానే ఒళ్ళు కాలిపోయింది, కళ్ళు తేలేసింది. ఆస్థాన వైద్యుడు చేతులెత్తేశాడు.

"ఉత్తర వీధి చివర ఆకులవ్వ ఉంది ప్రభూ. ఆమె లేచి నడవలేదు, పిల్లనే తీసుకుపోవాలి. పొద్దు వాలేలోగా మందు పడితే దక్కుతుంది" అన్నాడు.

పల్లకీ వీధి మొదట్లోనే ఆగిపోయింది. "ఆ ఇళ్ళు ముందే పడగొట్టి ఉంటే బాగుండేది ప్రభూ" అన్నారు బోయీలు.

రాజు ఆ మాట విన్నాడో లేదో. పిల్లను రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తాడు. కిరీటం లేదు, చెప్పులు లేవు.

ఎదురుగా ధాన్యం బస్తా మోసుకుంటూ ఒకాయన వస్తున్నాడు. రాజు ఆగిపోయాడు. ఆ బస్తా తన పిల్లకంటే మూడింతలు బరువు. తనే తగ్గాలి కదా! వెనక్కి ఒక అడుగు వేశాడు కూడా. ఆ మనిషి రాజు చేతుల్లోకి ఒక్కసారి చూశాడు. అంతే, బస్తాతో సహా వెనక్కి నడిచి ఒదుగులో ఇరుక్కుని, గొంతెత్తి కేకేశాడు.

"బరువొస్తోంది! తప్పుకోండి!"

ఆ కేక ఇంకొకరు అందుకున్నారు, ఆ తర్వాత ఇంకొకరు. రాజు కంటే ముందు ఆ మాట వీధి పొడుగునా పరుగెత్తింది. బుట్టలూ బిందెలూ మోపులూ గోడలకు అతుక్కుపోయాయి. తలుపులు తెరుచుకుని మనుషుల్ని లోపలికి లాక్కున్నాయి. సాయంత్రపు వెలుగులో ఆ వీధి ఏరులా తేటగా, ఖాళీగా, ముందుకు సాగిపోయింది.

నడుమ పైడమ్మ ఎదురైంది. తెల్లవారితే ఇల్లు పడగొడతారని ఆమె సామాను బయటికి చేరవేసుకుంటోంది. నెత్తిన కుమ్మరి చక్రం ఉంది. ఆమె గబగబా ఒదుగులోకి తగ్గింది.

"పద నాయనా, పద. మెడ కింద చెయ్యి పెట్టు, తల వాలిపోతోంది."

రాజు తడబడ్డాడు. "అమ్మా, నేను... నీ ఇల్లు పడగొట్టమన్నవాణ్ణి."

"తెలుసులే. అది రేపటి మాట. ముందు పిల్లను చూడు, పద!"

పొద్దు వాలకముందే మందు పడింది. చీకటి పడేసరికి పిల్లకు చెమట పట్టింది. కళ్ళు తెరిచి, "నాన్నా, ఎవరు పాడుతున్నారు?" అని అడిగింది.

"గాలమ్మా" అన్నాడు రాజు.

తెల్లవారింది. గునపాలు పట్టుకుని మనుషులు ఉత్తర వీధికి వచ్చారు. అప్పటికే రాజు అక్కడ ఉన్నాడు. మైదానం వైపు నుంచి పైడమ్మ చక్రాన్ని తన నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. మెడ వంగిపోయింది, ఒళ్ళంతా ఎర్రమట్టి. గునపాలవాళ్ళు రాజునూ చూశారు, నెత్తిన ఉన్న బరువునూ చూశారు. ఏమీ అడక్కుండానే వెనక్కి నడిచారు. అట్లా నడుస్తూ నడుస్తూ వీధి దాటి, ఊరి వాకిలి దాటి వెళ్ళిపోయారు.

రాజు గుమ్మం ముందు ఆగి ఆయాసపడుతూ అడిగాడు. "అమ్మా, దీన్ని ఎక్కడ దించమంటావు?"

పైడమ్మ తలుపు బార్లా తీసింది. "ఎక్కడిదక్కడే నాయనా. తల జాగ్రత్త, గుమ్మం చిన్నది."

కాబట్టి పిల్లలూ, మనం ఉండే ఊరే మనకు నడక నేర్పుతుంది. ఎదుటివాళ్ళ బరువు చూసి దారి ఇవ్వడం నేర్పే ఊరే గొప్ప ఊరు, అది నేర్చుకున్నవాళ్ళే గొప్పవాళ్ళు.