మూలల్లేని పొలం

ఒకానొక కొండరాజ్యంలో, ఇశ్రాయేలు గోత్రాలవాళ్ళు ఎవరి కొండ వాళ్ళు పంచుకుని కాపురాలు పెట్టుకున్న పాతకాలంలో, అమ్మీహూదు అనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నది. ఈ చివర కోడి కూస్తే ఆ చివరివాళ్ళు నిద్రలేచేవాళ్ళు. డాబులో మాత్రం రాజుగారు ఐగుప్తు చక్రవర్తి ఫరోకి ఏమీ తీసిపోడు.

ఆ జనం పైవస్త్రానికి నాలుగు మూలలా కుచ్చులు కట్టుకోవాలని ధర్మం. కుచ్చులు చూసినప్పుడల్లా దేవుని ఆజ్ఞలు గుర్తుకు రావాలని. రాజుగారి కుచ్చులు రాజ్యంలోకెల్లా పొడుగైనవి. వాటిని చూసుకున్నప్పుడల్లా ఆయనకి తనే గుర్తుకొచ్చేవాడు.

ఆ కొలువులో జిక్రీ అని ఒకడుండేవాడు. రాజుగారికి ద్రాక్షారసపు గిన్నె అందించడం అతని ఉద్యోగం. ముందు తనొక గుక్క తాగి, ప్రాణంతో ఉంటే అప్పుడు రాజుకి ఇవ్వాలి. రోజూ చావుని రుచి చూసేవాడికి మాట భయం ఏముంటుంది? అందుకే కొలువంతా తానా అంటే తందానా అంటున్నా, జిక్రీ మాత్రం అప్పుడప్పుడూ వేరే రాగం తీసేవాడు.

కోతలైపోయిన ఒకరోజు రాజుగారు మేడమీంచి తన యవల పొలం చూశాడు. పెద్ద పొలం, నలుచదరంగా ఉంటుంది. పొలమంతా కోసేశారు గానీ నాలుగు మూలలా పైరు అలాగే నిలబడి ఉంది. అందులో బీదవాళ్ళు కొడవళ్ళతో కోసుకుంటున్నారు.

"నా పంట వాళ్ళెందుకు కోస్తున్నారు?" అన్నాడు రాజు.

యాజకుడు పెదాయా ముసలివాడు. ధర్మశాస్త్రం తప్ప ఇంకేదీ సరిగా వినపడదు ఆయనకి. "ధర్మం ప్రభూ! పొలం మూలలు కోయకుండా వదిలెయ్యాలి. రాలిన పరిగె ఏరకూడదు. అది బీదలదీ, విధవలదీ, పరదేశులదీ. మన తాతలు ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేశారు. ఆకలంటే ఏమిటో మనం మరిచిపోకూడదు."

"మూలలు వదలాలి. అంతేగా?"

"అంతే ప్రభూ."

రాజు కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "మరి పొలానికి మూలలే లేకపోతే?" అన్నాడు రాజు. "వచ్చే విత్తనాలకి నా పొలం గుండ్రంగా దున్నండి. గుండ్రటి పొలానికి మూలెక్కడుంటుందయ్యా, పెదాయా?"

కొలువు చప్పట్లతో మారుమోగిపోయింది. ఇంత తెలివి భూమ్మీద ఇంకెవరికీ లేదని ఒకడంటే, భూమ్మీదే ఏమిటి అని ఇంకొకడన్నాడు.

ఆ సాయంత్రం వంటశాల వెనక గుమ్మం దగ్గరికి హొగ్లా వచ్చింది. మొగుడు పోయాక రాజుగారి పొలం మూలలే ఆమెకి ధాన్యపు గాదె. ఇద్దరు ఆడపిల్లలు.

"ఒరేయ్ జిక్రీ, మీ రాజుకి బుద్ధి పుట్టిందటగా," అంది. ఆమె జిక్రీని ఒరేయ్ అనగలదు. ఆమే, జిక్రీ తల్లీ ఒకే మూలలో కోసుకునేవాళ్ళు. జిక్రీ పరిగె గింజల గంజి తాగి పెరిగినవాడు.

"పుట్టింది హొగ్లత్తా."

"నేనెట్టాగో బతుకుతా. పిల్లల్నే ఎవరింట్లోనో దాసీలుగా పెట్టాలి. పెద్దది ఏడవదు. చిన్నదే..."

జిక్రీ ఆలోచనలో పడ్డాడు. రాజుతో వాదిస్తే లాభం లేదు. పొగిడితే ఉంటుంది. పొగడ్తకి ఎదురు నిలిచే రాజు ఇంకా పుట్టలేదు.

మర్నాడు గిన్నె అందిస్తూ అన్నాడు. "ప్రభూ, ఇంత గొప్ప ఆలోచనని గాలికి వదిలేస్తే ఎలా? రేపు ఏ తలతిక్కవాడో ఆ మూలలు కూడా రాజుగారివే, అక్కడి పంట బీదలకి వదలాల్సిందే అని పేచీ పెడితే? వలయం చుట్టూ హద్దురాళ్ళు పాతించండి. ఊరి పెద్దలూ, యాజకుడూ సాక్షులుగా ఉండగా, రాళ్ళ లోపలిదే నా పొలం అని మీ నోటితో చెప్పేయండి. ఇంక ఎవడూ నోరెత్తడు."

"నా దగ్గర ఉండి ఉండి నీకూ కాస్త తెలివి అంటుకుందిరా జిక్రీ," అని రాజు మురిసిపోయాడు.

తొలకరికి ముందే ఊరంతా పొలం దగ్గర చేరింది. వలయం గీయాలంటే నడిమధ్య ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని ఒకడు చుట్టూ నడవాలి. రాజు ఒప్పుకోలేదు. "నా పొలానికి నడిమధ్య మేకా? నేనుండగా?" అని తనే నడుమ నిలబడి తాడు పట్టుకున్నాడు. బయట మనిషి నడుస్తుంటే, లోపల రాజుగారు మేకులా గిరగిరా తిరిగాడు. సగం వలయం అయ్యేసరికి తల తిరిగింది. ముప్పావు అయ్యేసరికి చతికిలబడ్డాడు. అందువల్ల తూర్పువైపు వలయం కాస్త సొట్టపోయింది గానీ ఎవరూ పైకి అనలేదు.

రాళ్ళు పాతారు. రాజు కిరీటం సర్దుకుని చెప్పాడు. "అందరూ వినండి. ఈ రాళ్ళ లోపలిదే నా పొలం. బయటిదాంతో నాకు పనిలేదు. అక్కడ ముళ్ళు మొలిచినా నాకొకటే, మల్లెలు పూసినా నాకొకటే!"

"సాక్షులం," అన్నారు పెద్దలు.

ఆ సాయంత్రమే జిక్రీ తన ఇంట్లోని విత్తనపు యవలు మోసుకెళ్ళి హొగ్లా గుమ్మంలో దించాడు. "అత్తా, రాళ్ళ బయట నేల ఎవరిది?"

హొగ్లా ఒక్క క్షణం ఆలోచించింది. చాన్నాళ్ళ తర్వాత ఆమె నవ్వడం జిక్రీ చూశాడు.

నాలుగు మూలలూ బీదలు పంచుకున్నారు. హొగ్లాకి ఒక గాడిద ఉంది. పొరుగున ఉన్న పరదేశికి ఒక ఎద్దుంది. ఎద్దునీ గాడిదనీ ఒకే కాడికి కట్టకూడదని మళ్ళీ ఇంకో ధర్మం. గాడిదా, ఎద్దూ పక్కపక్కన నిలబడి చూస్తుంటే, హొగ్లా పారతోనే నేలంతా తిరగేసింది. గడ్డి పరక కూడా మిగలకుండా ఏరింది.

రాజుగారి ఎద్దులకి వేరే కష్టం వచ్చింది. తాతల కాలం నుంచీ అవి తిన్నగా దున్ని చివరికెళ్ళి మళ్ళడం నేర్చినవి. ఎంత తిరిగినా చివర రాకపోయేసరికి వాటికి అయోమయమైపోయింది. ఒకటి లోపలికి లాగితే ఒకటి బయటికి లాగింది. చాళ్ళు ఒకదాని మీదొకటి పడ్డాయి. వానలు కురిశాయి, కాలం తిరిగింది, యవల కోతల వేళ వచ్చే పస్కా పండుగ దగ్గరపడింది. రాజు మేడమీంచి చూస్తే వలయం లోపల పైరు అక్కడక్కడా బట్టతలలా ఉంది. బయట నాలుగు ముక్కలూ బంగారం పరిచినట్టున్నాయి.

ఆయనకి కడుపు మండిపోయింది. కోతగాళ్ళని వెంటేసుకుని పొలానికి బయల్దేరాడు. వెనకే జిక్రీ, పెదాయా, ఊరి జనమూ కదిలారు. వెళ్ళేసరికి హొగ్లా తన ముక్క కోసి పనలు కట్టేసింది. పనల మీద ఇద్దరు పిల్లలూ కూర్చుని కాళ్ళూపుతున్నారు.

"దొంగలు!" అని అరిచాడు రాజు. "పనలన్నీ బండికెత్తండి! జిక్రీ ఎక్కడ? హద్దురాళ్ళ సలహా వాడిదే. ఒరే జిక్రీ, ఈ నేల నాది కాదని రుజువు చేశావా సరే. లేదా రేపట్నుంచి గిన్నె పట్టుకునే చెయ్యి నీకుండదు."

జిక్రీ ముందుకొచ్చాడు. విషమైతే ఒక్క గుక్కలో తేలిపోతుంది. ఇది అలా కాదు. పనల మీంచి చిన్నపిల్ల తననే చూస్తోంది.

"ప్రభూ, గిన్నె మోసేవాణ్ణి, రుజువులు నాకేం తెలుసు? మూడు మాటలు అడుగుతాను. ఈ నేల మీదేనా?"

"నాదే!"

"మీ పొలంలో భాగమేనా?"

"ముమ్మాటికీ!"

"పొలానికి ఇది ఎటువైపు ప్రభూ?"

"కళ్ళు కనపడ్డంలేదా? అదిగో, ఆ మూ..." రాజు టక్కున నోరు మూసుకున్నాడు.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. చెవుడనుకున్న పెదాయాకి ఆ సగం మాట ఎలా వినపడిందో మరి, కర్ర నేలకేసి కొట్టి లేచాడు. "మూలైతే పంట బీదలది!"

"ఆమేన్!" అన్నారు జనం. యాజకుడు ధర్మం చెబితే జనం ఆమేన్ అనడం అక్కడి ఆచారం. ఆరోజు మామూలుకన్నా కాస్త గట్టిగా అన్నారు.

"మూల కాదు!" అన్నాడు రాజు. "నా పొలానికి మూలల్లేవు! ఇది నా పొలమే కాదు!"

"మీ పొలం కానిచోటికి మీ కోతగాళ్ళు ఎందుకొచ్చినట్టు ప్రభూ?" అన్నాడు జిక్రీ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాజు చుట్టూ చూశాడు. "అయితే ఆ రాళ్ళు పీకెయ్యండి! మళ్ళీ నలుచదరంగా పాతండి! పంట సంగతి తర్వాత చూద్దాం!"

కోతగాళ్ళు ఒక రాయి మీద చెయ్యి వేశారు. జిక్రీ వినయంగా అడిగాడు. "పెదాయా తాతా, సాక్షుల ముందు పాతిన హద్దురాయి కదిపితే ఏమవుతుంది?"

"కదిపినవాడు శాపగ్రస్తుడు!"

"ఆమేన్!"

కోతగాళ్ళు రాయి నిప్పులా కాలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నారు.

"నోళ్ళు ముయ్యండి!" అని రాజు గర్జించాడు.

"ఆమేన్," అన్నాడు ఒకడు అలవాటులో.

రాజు ఒక పన మీద కూలబడ్డాడు. హొగ్లా పెద్దకూతురు మర్యాదగా జరిగి చోటిచ్చింది. కాసేపటికి ఆయన నీరసంగా అడిగాడు. "ఒరే జిక్రీ, మూలలు వదిలినప్పుడు ఎంత పోయేది?"

"మీ తాతగారి కాలం నుంచీ మూలకి నాలుగైదు పనలు ప్రభూ."

"ఇప్పుడు?"

"పొలంలో అయిదో వంతు, నేలతో సహా."

ఓడినా కాలు కిందపెట్టే రకం కాదు రాజు. చూపు అటూ ఇటూ తిప్పి, హొగ్లా కోసిన ముక్క మూడు కొసల్లోనూ కోయకుండా నిలబడ్డ పైరు చూశాడు. ఆయన ముఖం వెలిగింది. "చూశారా సోమరితనం? చేతికొచ్చిన పంట కూడా పూర్తిగా కోసుకోలేదు! ఇలాంటివాళ్ళకా పొలాలు? ఏమమ్మా, ఆ కొసల్లో పైరెందుకు వదిలావు?"

హొగ్లా ఆయన్ని విచిత్రంగా చూసింది. అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

"ఇప్పుడు నాదీ పొలమే గదయ్యా," అంది. "పొలమన్నాక మూలలుంటాయి. మూలలు వేరేవాళ్ళవి."

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. రాజు తన ఒడిలోకి జారిన పొడుగాటి కుచ్చులు చాలాసేపు చూశాడు. ఆయనకి ఈసారి తను కాదు, ఇంకేదో గుర్తొచ్చినట్టుంది.

ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టాడు. ముందు పొట్ట ఊగింది, తర్వాత కిరీటం ఊగింది. "నాలుగు పనలు మిగుల్చుకుందామని మేకునై గిరగిర తిరిగానురా!" అంటూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. రాజు నవ్వాక ఇంక నవ్వొచ్చని జనమూ పగలబడి నవ్వారు.

"రాళ్ళు అక్కడే ఉండనివ్వండి. అవి నా తెలివికి గుర్తు," అన్నాడు రాజు లేస్తూ. తన పైవస్త్రం విప్పి జిక్రీ భుజాన కప్పాడు. "నాలుగు మూలలూ ఉన్నాయో లేదో చూసుకోరా. గుండ్రంగా కత్తిరించి ఇచ్చానని రేపు మళ్ళీ జనాన్ని పోగేస్తావు."

జిక్రీ చేతికి ఏమీ కాలేదు. ఆ చెయ్యి ఆ రాత్రి కూడా గిన్నె అందించింది. ఆ పైవస్త్రం మాత్రం అతని ఒంటిమీద ఎవరూ చూడలేదు. చలికాలం వస్తే హొగ్లా కూతుళ్ళిద్దరూ దాన్ని కప్పుకుని, నాకే తక్కువొచ్చిందంటూ చెరో రెండు మూలలూ లాక్కుని తమ ఇంట్లోనే పోట్లాడుకునేవాళ్ళు.