దొన కాపలా

ఎండలు ముదిరితే ఆ కొండ మీద ఒక్క దొనలోనే నీళ్ళు మిగులుతాయి. ఆ రాతి గుంటలో ఊరే కాసిని నీళ్ళకు జంతువులన్నీ కలిసి ఒక కాపలావాణ్ణి పెట్టుకుంటాయి. పెద్దవి దిగితే నీళ్ళు బురదవుతాయి గనక ముందు చిన్నవి తాగాలి. ఈ కట్టుబాట్లన్నీ నోటికి వచ్చింది తాబేలు నీలాలవ్వకే. ఆమెకేమో మరుపు పట్టుకుంది. ఈడువాళ్ళు పోయారు. కుర్రకారుకు ఆమె దగ్గర కూర్చునే తీరిక లేదు.

నిరుడు కాపలాకు పెట్టుకున్న నక్క గవరయ్య మాత్రం రోజూ సాయంత్రం వచ్చేవాడు.

“అవ్వా, రేగుపండ్లు తెచ్చాను. కాపలా పదవి బతికున్నన్నాళ్ళని నిన్న నువ్వే చెప్పావు, గుర్తుందా?”

“నేనా? అలా అన్నానా?”

“మరిచిపోయావులే. పండు తిను.”

ఆమెకు నమ్మకం కుదరలేదు. కాదంటే రేపు రాడేమోనని పండు నమిలింది.

మళ్ళీ వేసవి వచ్చింది. దొన దగ్గర కుందేలు గొడవకు దిగింది.

“నిరుడు నీ స్నేహితుడు అడవిపందిని ముందు దింపావు. నా పిల్లలు బురద నాకారు. ఈ ఏడు వేరేవాళ్ళను పెట్టుకుంటాం.”

“పదవికి గడువు లేదమ్మా,” అన్నాడు గవరయ్య. “నీలాలవ్వే సాక్షి. చెప్పవ్వా!”

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్ని ముఖాలు ఒక్కసారి చూసి ఎన్నాళ్ళయిందో. ఎంత వెతికినా రేగుపండు పులుపు తప్ప ఆమెకేదీ గుర్తుకు రాలేదు.

“చూశారా, ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే!” అన్నాడు గవరయ్య.

“ఊరుకోవడం ఒప్పుకోవడం కాదురా అబ్బాయ్. సమ్మతి అంటే నోరు తెరిచి చెప్పాలి,” అంది నీలాలవ్వ. “గడువెంతో మరిచిపోయాను.” సిగ్గుతో తల డొప్పలోకి పోయింది. కాసేపటికి మళ్ళీ బయటికొచ్చింది. “అయినా నన్నెందుకు అడుగుతావు? నీళ్ళు తాగడం వీళ్ళ హక్కు. అది ఒకరు ఇచ్చింది కాదు. నీ అధికారం మాత్రం వీళ్ళు ఇచ్చిందే. ఇచ్చినవాళ్ళు ఇక్కడే ఉన్నారుగా, వాళ్ళనడుగు.”

గవరయ్య మొహం మాడిపోయింది. “రోజూ నిన్ను చూడ్డానికి వచ్చింది నేనొక్కణ్ణే కదవ్వా!”

“అవును నాయనా. నువ్వొక్కడివే.”

“ఆ అధికారం నేనివ్వను,” అంది కుందేలు. “నేనూ ఇవ్వను,” అంది కౌజుపిట్ట. జింకలూ అదే మాట అన్నాయి. అడవిపంది అటూ ఇటూ చూసి, “నేనొక్కణ్ణే ఇస్తే చెల్లుతుందా?” అని గొణిగింది. అందరూ నవ్వారు.

ఆ పూట గవరయ్య కుందేలు పిల్లల వెనక, నాలుక తడారిపోతుంటే, తన వంతుకోసం నిలబడ్డాడు.

సాయంత్రం నీలాలవ్వ బొరియ ముందుకొచ్చి దారి వైపు చూసింది. ఎన్ని మరిచిపోయినా ఆ అడుగుల చప్పుడు మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. అది వినపడలేదు. హక్కు, సమ్మతి, అధికారం అని మెల్లగా తనకు తానే చెప్పుకుంటూ పొద్దు గూకేదాకా అక్కడే కూర్చుంది.

ఇచ్చినవాళ్ళను మళ్ళీ అడగడానికి జంకేవాడి చేతిలో ఉన్నది అధికారం కాదు, ఆక్రమణ.