పండితుడి తాంబూలం, ప్రభువు తలపాగా

పెన్నగిరి ప్రభువు గోవర్ధన భూపతికి ఒకరోజు పొద్దున్నే ఒక సందేహం వచ్చింది. రాజులకు సందేహాలు రావడం మంచిదే. కాకపోతే అవి ఎప్పుడూ ఎవడో ఒకడి ఉద్యోగం మీదికి వస్తాయి.

కొలువులో అర్జీలు వింటూ తలపాగా చుట్టించుకోవడం ఆయనకు అలవాటు. ముసలి గంగులు వెనక నిలబడి చుట్టేవాడు. పద్దెనిమిది మూరల జరీ గుడ్డ, మూడో అర్జీ ముగిసేసరికి తలమీద కుదురుగా కూర్చునేది.

ఆ రోజు ప్రభువు అద్దం చూసుకుంటూ అడిగాడు.

"ఒరే గంగులూ, దీన్ని ఎలా చుడతావురా?"

"నాకేం తెలుసు దొరా? చేతులు చుట్టేస్తాయి."

కొలువులో కూర్చున్న విరూపాక్ష పండితుడు కిసుక్కున నవ్వాడు. ఈయన తలపాగాల మీద నూటెనిమిది సూత్రాల గ్రంథం రాసిన ఘనుడు. జన్మలో ఒక్కటీ చుట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

"ప్రభూ! ఎలా చేస్తున్నాడో చెప్పలేనివాడికి ఆ పని రానట్టే. రేపు ప్రతి మడతా వివరిస్తూ చుట్టమనండి. చేతకాకపోతే నా శిష్యుణ్ణి పెట్టుకోండి."

ప్రభువుకు ఇదేదో వేడుకగా తోచింది. సరేనన్నాడు.

మర్నాడు గంగులు గుడ్డ అందుకున్నాడు.

"ఈ కొస ఎడమ చెవి మీదుగా... కాదు కాదు, కుడి... అప్పుడు బొటనవేలు..."

తలపాగా జారి ప్రభువు ముక్కు మీద పడింది. రెండోసారి కళ్ళు మూసేసింది. మూడోసారి ఏకంగా మెడకు చుట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా తడబడని చేతులు ఆ రోజు తడబడ్డాయి. గంగులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పాపం.

అంతలో పొరుగు రాజ్యపు రాయబారి కోట గుమ్మం దాటాడని కబురు వచ్చింది. ప్రభువుకు వేడుక కాస్తా చిరాకైంది.

"ఆయన లోపలికి వచ్చేసరికి నా తలమీద తలపాగా ఉండాలి. లేకపోతే రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు గంగులూ!"

అప్పుడు చెంగల్వయ్య ముందుకొచ్చాడు. ప్రభువు తాంబూలం పెట్టె మోసేవాడతను.

"ప్రభూ, ముసలాయన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. గంగులన్నా, ఆ గుడ్డ పట్టుకుని ఎప్పటిలా నీ చోట నిలబడు, చాలు. ఈలోగా పండితులవారిని నాదొక సందేహం అడుగుతాను."

పెట్టె తెరిచి ఒక తాంబూలం కట్టి పండితుడి చేతిలో పెట్టాడు.

"తమరు ఎన్నేళ్ళనుంచి నములుతున్నారు?"

"నలభై ఏళ్ళు. రోజుకు పాతిక," అన్నాడు పండితుడు గర్వంగా.

"అయితే ఆ పని తమకు వచ్చినట్టే. కాస్త నములుతూ వివరించండి. పళ్ళు దిగేటప్పుడు నాలుక ఎటు తప్పుకుంటుంది, ఎప్పుడు తిరిగొస్తుంది? ఒక్క కదలికా వదలకూడదు సుమండీ."

"ఓస్, ఇంతేనా!" పండితుడు ఆకు బుగ్గన పెట్టుకున్నాడు. "మొదట కుడి దవడ. నాలుక ఎడమకు పోవును... కాదు, ఆకును తొయ్యాలి గదా, కుడికే పోవును... ఇప్పుడు పై పళ్ళు దిగుచుండగా నాలుక..."

"అబ్బా!"

పండితుడు రెండు చేతులా నోరు మూసుకుని గిర్రున తిరిగాడు. సభ గొల్లుమంది. చెంగల్వయ్య మాత్రం నవ్వలేదు.

"నలభై ఏళ్ళు నాలుకను దాని మానాన వదిలేశారు, పదిలంగా ఉంది. ఈ రోజు తమరు పెత్తనం చెయ్యబోయారు, పళ్ళ కింద పడింది. గంగులు చేతులదీ అదే గతి పండితులవారూ!"

ప్రభువు పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఇంతలో వాకిట్లో బూర ఊదారు. రాయబారి వచ్చేశాడు. ప్రభువు ఉలిక్కిపడ్డాడు.

"అయ్యయ్యో! మరి నా తలపాగా?"

"ఒకసారి తల తడుముకోండి ప్రభూ."

తడుముకున్నాడు. పద్దెనిమిది మూరలూ తలమీద కుదురుగా ఉన్నాయి. వెనక గంగులు తన ఖాళీ చేతులకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఎప్పుడు చుట్టావురా?"

"ఏమో దొరా! నేను పండితులవారి నోరు చూస్తున్నా!"

"నేనూ అదే చూస్తున్నానురా!"

ప్రభువు మళ్ళీ నవ్వాడు. ఈసారి తలపాగా ఇసుమంత కూడా కదల్లేదు. తన చేతి కడియం తీసి గంగులుకు తొడిగాడు, మెడలో హారం చెంగల్వయ్యకు వేశాడు. పండితుణ్ణి కూడా మరిచిపోలేదు. వారం రోజులపాటు రాచ వంటశాలనుంచి మెత్తటి పెరుగన్నం పంపమన్నాడు.

వద్దందామనుకున్నాడు పండితుడు. నాలుక తిరగలేదు.