లాప్‌టాప్ ధారణ

సాయంత్రం అవధానం ఉందనగా, పొద్దున్నే సోమలింగం లాప్‌టాప్ మళ్ళీ వైఫై వదిలేసింది.

వదిలేయడం కొత్త కాదు. నెలరోజులుగా దానికి అదే పని. తెరమీద మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ, నోరు తెరిచి అలాగే బిగుసుకుపోతారు. ఆ తర్వాత గుండ్రంగా ఒక చక్రం తిరుగుతుంది. మా పంచాయతీ సమావేశాలు కూడా ఇంచుమించు అలాగే జరుగుతాయి కాబట్టి ఊళ్ళో ఎవరికీ వింత అనిపించలేదు. కానీ ఇవాళ వేరు. ఇవాళ సోమలింగం మొదటి అష్టావధానం.

ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా అడుగుతుంటే, పద్యాలు అడిగినవాళ్ళకి ఒక్కో విడతలో ఒక్కో పాదం చెప్పుకుంటూ పోయి, చివర్న ఆ పద్యాలన్నీ మొదటినుంచీ తప్పు లేకుండా అప్పజెప్పాలి. ఆ అప్పజెప్పడమే ధారణ. అడిగేవాళ్ళలో ఆరుగురు తెనాలిలోనూ హైదరాబాదులోనూ కూర్చుని లాప్‌టాప్‌లో కనపడతారు. ఫోనులో అయితే ఆరు ముఖాలూ పెసరగింజల్లా ఉంటాయని లాప్‌టాపే కావాలన్నారు. మిగతా ఇద్దరూ ఊళ్ళోవాళ్ళు. అందులో ఒకరు నేను. మధ్యమధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసి అవధాని మనసు చెదరగొట్టాలి. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆ పదవికి నాతో ఎవరూ పోటీకి రాలేదు. ఎందుకో నాకు తెలియదు.

రెండోవారెవరో అవధానమ్మగారు ఇంకా చెప్పలేదు. అవధానమ్మగారంటే సోమలింగానికి గురువు. అసలు పేరు పేరిందేవి. తెలుగు పండితురాలిగా రిటైరైన మనిషి. ఒకప్పుడు స్వయంగా అవధానాలు చేసేవారు. ఊరు ఆ పేరు పెట్టాక, అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పొద్దున్నించీ ఊరంతా ఒకటే హడావిడి. సోమలింగం ఇంటి ముందు షామియానా వేశారు. కుర్చీలు దిగాయి. పద్యమంటే పారిపోయేవాళ్ళు కూడా ముందు వరసలో తువ్వాళ్ళు పరిచి పోయారు. సోమలింగం భార్య సత్యవేణి పెళ్ళివారు దిగుతున్నట్టు గంగాళం నిండా పులిహోర కలుపుతోంది. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నా ప్రశ్నలు రాత్రే తయారు చేసుకున్నాను. అందులో సగం పనికిరానివని మా ఆయన అన్నారు. పనికిరానివే అడగాలని ఆయనకి తెలియదు.

ఈ హడావిడిలో సోమలింగం లాప్‌టాప్‌ని చంకన పెట్టుకుని అవధానమ్మగారింటికి వెళ్ళాడు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను. కరివేపాకు కోసం వెళ్ళాను. మా పెరట్లో కూడా చెట్టు ఉంది, అది వేరే సంగతి.

అవధానమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు.

"అమ్మగారూ, ఇది నా పరువు తీసేలా ఉందండీ," అన్నాడు సోమలింగం. "ఇంట్లో వైఫై పెట్టె మార్చాను. దాన్ని అటకెక్కించాను, దించాను. ఈశాన్యంలో పెట్టాను. లైను చూసే అబ్బాయి వచ్చి, మీ లైను బ్రహ్మాండంగా ఉందని కాఫీ తాగి పోయాడు. ఇది మాత్రం ఇప్పుడు కలుస్తుంది, ఇప్పుడు పోతుంది. దీనికి ధారణ లేదండీ."

"నీకుందా?"

"నేను ఏదీ మర్చిపోనండీ. మీకు తెలుసు కదా."

నిజమే. ఫోను నంబర్లన్నీ బుర్రలోనే ఉంటాయని ఇప్పటికీ బొత్తాల ఫోనే వాడతాడు. తనకి మతిమరుపు లేదన్న మాట మాకు వారానికోసారి చెబుతాడు. ముందు చెప్పిన సంగతి మాత్రం గుర్తుండదు.

"మరి దత్తపదిలో మూడో పాదం?" అన్నారావిడ.

దత్తపది అంటే నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా పద్యం చెప్పమనడం. సాధనలో సోమలింగం పద్యం చక్కగా కడతాడు. చివర్న అప్పజెప్పేటప్పుడు మాత్రం మూడో పాదం దగ్గర ఆగిపోతాడు.

"అది కూడా దీనివల్లేనండీ. నిన్న నేను చెబుతుండగా ఇది తెగిపోయింది. దాంతో నాకూ తెగింది."

"మొన్న ఇక్కడ నా ముందే కూర్చుని చెప్పావు. లాప్‌టాప్ లేదు. అప్పుడూ మూడో పాదమే పోయింది."

సోమలింగం లాప్‌టాప్‌ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అక్కడికి వచ్చేసరికి నీకేం వినపడుతుంది లింగం?"

అది అతను చెప్పక్కర్లేదు, ఊరందరికీ తెలుసు. సోమలింగం ఇదివరకు కోదండంగారి రైస్‌మిల్లులో గుమస్తా. మిల్లుకి కొత్త మెషీను తెచ్చిన రోజున, కూలీలందరి ముందూ ఇతను పద్యం చదివాడు. మూడో పాదం చదివేసరికి కోదండంగారు, "పద్యంలో బియ్యం కంటే నూకలెక్కువున్నాయి లింగం," అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు నేను అక్కడ లేను. తర్వాత విని నవ్వాను.

మర్నాడే సోమలింగం తన లాప్‌టాప్ తను తీసుకుని బయటికి వచ్చేశాడు. మిల్లు అతని ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందుకని అప్పటినుంచీ వీధి తలుపు వాడడం మానేసి పెరటి తలుపులోంచి తిరుగుతున్నాడు. సంతకి వెళ్ళాలంటే మొత్తం చెరుకు తోట చుట్టి రావాలి. పాపం మనిషి బాగా చిక్కాడు. డాక్టరు మెచ్చుకున్నాడు.

అవధానమ్మగారు చేట పక్కన పెట్టి లేచారు. "పద, చూద్దాం."

కంప్యూటర్ గురించి ఆవిడకి ఏమీ తెలియదు. ఆ సంగతి ఆవిడే దారిలో రెండుసార్లు చెప్పారు.

మేం వెళ్ళేసరికి కూలీల టిఫిన్లకని మిల్లు ఆపి ఉంది. లాప్‌టాప్ బుద్ధిగా పనిచేసింది. తెనాలి నుంచి సభ పెద్దాయన కనపడి, ఆరుగురూ సిద్ధంగా ఉన్నారని చెప్పాడు. అంతలో ఎదురుగా మిల్లు స్విచ్చి వేశారు. మోటారు గుర్రుమంది. పెద్దాయన నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయాడు. చక్రం తిరగడం మొదలైంది.

"చూశారా అమ్మగారూ," అని సోమలింగం లేచి నిలబడ్డాడు. మొహం కందిపోయింది. "ఆయన మోటారే నా నెట్టు లాగేస్తోంది. ఇవాళ వెళ్ళి అడిగేస్తాను. పదిమంది ముందు అడుగుతాను."

నేనూ లేచాను. ఇలాంటివి చూడకపోతే నాకు అన్నం సహించదు.

"కూర్చో," అన్నారావిడ. ఇద్దరం కూర్చున్నాం. "సత్యవేణీ, మీ టీవీ కూడా ఈ వైఫై మీదే కదమ్మా నడిచేది? అదేమైనా ఆగిందా?"

లోపల్నుంచి సత్యవేణి, "లేదండీ, అత్తగారు కోడల్ని ఇంకా తిడుతూనే ఉంది," అంది.

"అయితే ఇంట్లోది బాగానే ఉంది." ఆవిడ లాప్‌టాప్ వైపు తిరిగారు. "లింగం, ఇది ఇక్కణ్ణుంచి పోయాక ఎక్కడికి పోతోంది?"

"పోవడమేమిటండీ. తెగిపోతుంది."

"చూశావా?"

అతను చూడలేదు. నెలరోజులు పెట్టెని చూశాడు, తీగని చూశాడు, మిల్లు గొట్టాన్ని గుడ్లురిమి చూశాడు. లాప్‌టాప్ ఎటు పోతోందో చూడలేదు. ఇప్పుడు తెర మూల మీద నొక్కాడు. భాషాభిమాని కాబట్టి అందులో అక్షరాలన్నీ తెలుగులోకి మార్చుకున్నాడు. అందుకని నేను కూడా వెనకనుంచి మెడ చాచి చదవగలిగాను.

కోదండం రైస్ మిల్లు. కలిసి ఉంది. ఇంటర్నెట్ లేదు.

సోమలింగం ఆ పేరు రెండుసార్లు పైకి చదివాడు.

మిల్లు ఆఫీసులో నెట్టు తీగని ఎలుకలు కొరికేసి నెలరోజులైంది. కోదండంగారు పట్టించుకోలేదు. మిల్లు స్విచ్చి వేసినప్పుడల్లా పెట్టె మాత్రం ఉత్తినే వెలుగుతుంది. అది వెలగ్గానే ఈ లాప్‌టాప్ ఇల్లు వదిలి, వీధి దాటి, దాని దగ్గరికి పరిగెడుతోంది. అక్కడేమీ లేదు. అయినా వెళుతోంది.

సోమలింగం ఇంకా ఏవో నొక్కుకుంటూ సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ఒకచోట ఇలా ఉంది: ఇంటి నెట్‌వర్క్‌తో కలిసి ఉన్నప్పుడు కూడా, ముందునుంచీ అలవాటైనది కనపడితే దానికే వెళ్ళు. పక్కన టిక్కు.

"మా పెదబావగారికి కూడా ఈ టిక్కు ఉండేది," అన్నాను.

అవధానమ్మగారు నా వైపు చూశారు. నేను మాట్లాడ్డం మానేశాను, కాసేపు.

"ఆఫీసులో ఉన్నప్పుడు దీన్ని అక్కడే కలిపేవాణ్ణండీ," అన్నాడు సోమలింగం నెమ్మదిగా. "అది ఇంకా గుర్తు పెట్టుకుంది."

"ధారణ లేదన్నావు," అన్నారావిడ.

అతను ఆ టిక్కు తీసేశాడు. మిల్లు పేరు మీద నొక్కితే కింద ఒక మీట వచ్చింది. దాని మీద ఒకటే మాట ఉంది. సోమలింగం వేలు అక్కడ ఆగింది.

"ఏమని రాసుంది? నాకు కళ్ళజోడు లేదు, చదువు," అన్నారు అవధానమ్మగారు. కళ్ళజోడు ఆవిడ మెళ్ళోనే వేలాడుతోంది.

"మర్చిపో అనండీ."

"మిల్లు హోరులో వినపడలేదు."

"మర్చిపో."

"ఎవరికి చెబుతున్నావు, గట్టిగా చెప్పు."

సోమలింగం తల వంచుకున్నాడు. "మర్చిపో," అన్నాడు. ఈసారి గట్టిగా అనలేదు. వేలు మీటని నొక్కింది.

చక్రం ఆగింది. తెనాలి పెద్దాయన నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, "వినపడుతోందాండీ," అన్నాడు. ఎదురుగా మోటారు గుర్రుమంటూనే ఉంది. లాప్‌టాప్ కదల్లేదు. సత్యవేణి పులిహోర చేత్తోనే పరిగెత్తుకొచ్చి చూసింది. వీధిలో కుర్చీలు సర్దేవాళ్ళు కూడా కిటికీలోంచి తొంగి చూసి ఈలలు వేశారు.

ఆ సంబరంలోనే అవధానమ్మగారు నాతో అన్నారు. "సూరమ్మా, దత్తపది అడిగేది కోదండం. వెళ్ళి పిలుచుకు రా."

సోమలింగం నోరు తెరిచాడు. ఇందాక తెనాలి పెద్దాయన ఉన్నట్టే ఉన్నాడు. కాసేపటికి మూసుకున్నాడు.

నేను వీధి దాటడాన్ని పరిగెత్తడమంటే ఒప్పుకోను గానీ, ఒక చెప్పు మాత్రం దారిలో ఉండిపోయింది. కోదండంగారు బస్తాల మధ్య కూర్చుని ఉన్నారు.

"నన్నా? నాకేం పద్యాలొచ్చు సూరమ్మక్కా? పొద్దున్న లేస్తే వడ్లు, ఊక, తవుడు, నూకలు. అంతకు మించి నాకో మాట రాదు."

"సరిగ్గా నాలుగే కావాలిట," అన్నాను.

సాయంత్రం నాలుగయ్యేసరికి షామియానా నిండిపోయింది. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు కూడా ఆగిపోయారు. కోదండంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అవధానమ్మగారి పక్కన కుర్చీ అంచు మీద కూర్చున్నారు. "మిల్లు ఆపించమంటారా అమ్మగారూ? చప్పుడు," అన్నారు.

"ఆడనీ," అన్నారావిడ.

అవధానం మొదలైంది. తెరలోంచి ఒకాయన సమస్య ఇచ్చాడు, ఒకావిడ వర్ణన అడిగింది, ఇంకొకరు అక్షరాలు నిషేధించారు. సోమలింగం తడుముకోలేదు. కోదండంగారి వంతు వచ్చింది. ఆయన లేచి, చేతులు కట్టుకుని, "వడ్లు, ఊక, తవుడు, నూక," అన్నారు. జనం గొల్లుమన్నారు. వీటితో ద్రౌపదీ స్వయంవరం చెప్పమని తెనాలి పెద్దాయన మెలిక పెట్టాడు.

సోమలింగం కళ్ళు మూసుకుని తెరిచి మొదటి పాదం చెప్పాడు. విడత విడతకీ ఒక్కో పాదం. మూడో పాదంలో నూకని తోసెయ్యడమనే అర్థంలో పెట్టి, అర్జునుడి చేత అడ్డొచ్చిన రాజులందర్నీ పక్కకి నూకించేశాడు. చప్పట్లకి షామియానా ఊగింది. కోదండంగారు నాతో మెల్లిగా, "నూకల్ని ఇలా కూడా వండొచ్చా," అన్నారు.

పద్యం కట్టడం ఎప్పుడూ ఇబ్బంది కాదు. అప్పజెప్పడమే అసలు సంగతి. చీకటి పడే వేళకి ధారణకి వచ్చాడు. సమస్య అప్పజెప్పాడు. వర్ణన అప్పజెప్పాడు. మిగతావీ అయ్యాయి. దత్తపది మొదలుపెట్టాడు. మొదటి పాదం. రెండో పాదం. సత్యవేణి స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. వీధవతల మోటారు గుర్రుమంటోంది.

ధారణ మధ్యలో అప్రస్తుతం అడగకూడదని నాకు ముందే చెప్పారు. కానీ నేను సోమలింగం లాంటి మనిషిని కాను, మర్చిపోతుంటాను.

"అబ్బాయ్ లింగం," అన్నాను. "ఆ రోజు మిల్లులో కోదండంగారు నిన్ను ఏమన్నారు?"

కోదండంగారు తల వంచుకుని చేతిలో తువ్వాలు మెలిపెట్టారు. సోమలింగం నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు.

"ఏ రోజు పిన్నీ?" అన్నాడు.

అని, మూడో పాదం చెప్పాడు.

అవధానమ్మగారు మెళ్ళో కళ్ళజోడు తీసి, చీరకొంగుతో తుడిచి పెట్టుకుని, శిష్యుడి వైపు చూశారు.