బూరి విరేచనానికి కాపలా

జీళ్ళు చేసి అమ్ముకునే పైడయ్య ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట పైడయ్య చెప్పాడు, భార్య చినతల్లి ఒప్పుకుంది, తమ్ముడు గంగులు తలూపాడు. ముగ్గురిలో ఒక్కరూ కాదనలేదు కాబట్టి అది నిజమేనని తేల్చుకున్నారు.

వాళ్ళకో కుక్క ఉంది, పేరు బూరి. ఆ ఇంట్లో పంపకాల్లో తేడా రాకూడదు. మనుషులేం తింటే బూరికీ అదే, అంతే. ఒకరోజు కొత్తావకాయ అన్నం కలుపుకున్నారు. బూరికీ దాని వాటా పెట్టారు. ఇంకేముంది, తెల్లారేసరికి బూరికి వాంతులు, విరేచనాలు. తోక ఊపే ఓపిక కూడా లేక పెరట్లో కూలబడింది.

పిల్లల్లేని చినతల్లికి అదే పిల్ల. "మావా, ఇది పోతే నేను బతకను" అంది.

"నువ్వు కూడా పోతే జీళ్ళపాకం ఎవరు లాగుతారు? పద, డాక్టరమ్మ దగ్గరికి" అన్నాడు పైడయ్య.

పశువుల డాక్టరమ్మ బూరి పొట్ట నొక్కి చూసి సూది వేసింది. "పేగులకు జబ్బు చేసింది. కారం పెట్టకండి. మెత్తటి అన్నం పెట్టండి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి, ఒంట్లో నీరు తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. వీధికుక్కలతో కలవనివ్వకండి. విరేచనం చూస్తూ ఉండండి. రంగు మారితే వెంటనే వచ్చి చెప్పండి" అంది.

"ఒక్క ముక్క కూడా తప్పిపోనివ్వం" అన్నారు ముగ్గురూ.

ఇంటికి రాగానే గంగులు పని మొదలెట్టాడు. "వీధిలో కుక్కలుంటేనే కదా వదినా, ఇది వాటితో కలిసేది?" అని జీళ్ళు ఆశపెట్టి వీధిలోని కుక్కలన్నిటినీ నట్టింట్లోకి తోలుకొచ్చి గొళ్ళెం పెట్టాడు. వీధి ఖాళీ అయింది. ఇల్లు నిండిపోయింది. అవి ఊరుకుంటాయా? ఒకటే మొరుగుడు. బూరికి నిద్ర చెడుతుందని చినతల్లి మెత్తటి అన్నమంతా కిటికీలోంచి వాటికే పెట్టేసింది.

తర్వాత ఉప్పు పంచదార నీళ్ళు గిన్నెలో కలిపి బూరి ముందు పెట్టింది. సరిగ్గా అప్పుడే బూరి గోడవారకు వెళ్ళి విరేచనం చేసుకొచ్చింది.

అంతే. ముగ్గురూ పరుగెత్తి ఆ విరేచనం చుట్టూ పీటలేసుకు కూర్చున్నారు.

"కళ్ళార్పకు వదినా. నువ్వు ఆర్పినప్పుడే మారితే?"

"వంతులవారీగా ఆర్పుదాం" అన్నాడు పైడయ్య.

ఎండెక్కింది. ఎండకు రంగు వెలిసిపోతుందని చినతల్లి దానికి గొడుగు పట్టింది. తన నెత్తి మాడిపోతున్నా గొడుగు జరపలేదు. పొయ్యి మీద పాకం మాడింది. ఎవరూ లేవలేదు. మధ్యాహ్నానికి ఆ పసుపురంగు కాస్తా ఎండి మట్టిరంగైంది.

"మారింది" అన్నాడు గంగులు. ఇంకేముంది, ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి పరుగు.

"రంగు మారిందమ్మా."

"నెత్తురు పడిందా? ఇప్పటికి ఎన్నిసార్లయింది?"

"మాకు పొద్దుటిదొక్కటే తెలుసు. దాన్నే చూస్తున్నాం."

"మరి కుక్క ఎలా ఉంది?" అంది డాక్టరమ్మ.

"కుక్కను చూడమని మీరు చెప్పలేదు కదమ్మా" అన్నాడు పైడయ్య.

చినతల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. డాక్టరమ్మ ఆమెను స్కూటరెక్కించుకుని ఆదరాబాదరా వచ్చింది, అన్నదమ్ములు వెనకే పరుగెత్తుకొచ్చారు. పెరట్లో బూరి నీడన పడుకుని ఉంది. పక్కన గిన్నె ఖాళీ. దానంతటదే కాస్త కాస్త తాగి, హాయిగా నిద్రపోయింది. కళ్ళు తెరిచి, చినతల్లిని చూసి తోక ఊపింది.

"మీరెవరూ దీన్ని చూడలేదు కాబట్టి బతికింది" అంది డాక్టరమ్మ విసుగ్గా.

ఆ మాట ముగ్గురి మనసుల్లోనూ నాటుకుపోయింది.

మరుసటి వారం చినతల్లికి కడుపునొప్పి వచ్చింది. మెలికలు తిరుగుతూ, "మావా, కాసిని నీళ్ళివ్వు" అని పిలిచింది. అన్నదమ్ములిద్దరూ గోడవైపు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నారు.

"భయపడకే చినతల్లీ. నిన్నెవరమూ చూడటం లేదు" అన్నాడు పైడయ్య.

"నువ్వు పెరట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పు వదినా. గొడుగు తెస్తాను" అన్నాడు గంగులు.