ఇత్తడి పేరు, తాటాకు గొడుగు

ఏ పటంలోనూ చుక్క పెట్టని రాజ్యం ఒకటుండేది. దానికి రాజు ఉద్దండభూపతి. ఆయన కొలువులో తిప్పన్న అనే విదూషకుడు ఉండేవాడు. రోజూ సభకు బయల్దేరే ముందు తిప్పన్న అద్దం ముందు నిలబడి తలపాగా చుట్టి విప్పి, విప్పి చుట్టేవాడు. గిట్టనివాళ్ళు దాన్ని సోకు అన్నారు. అతని లెక్కలో మాత్రం అది దానధర్మం. పొద్దస్తమానం సభలో అంతమంది చూడక తప్పని మొహం. దాన్ని కాస్త చూడబుద్ధయ్యేలా ఉంచడం పుణ్యం కాదా?

రాజుగారి సోకు వేరు. ఆయనకు పేర్ల పిచ్చి. భట్రాజు ఆయన బిరుదులు చదవడం ముగించేసరికి వంటశాలలో పులుసు చల్లారిపోయేది. ఆ పిచ్చిని పసిగట్టిన ఆస్థాన పండితుడు గంభీరశాస్త్రి ఒక శాసనం వేయించాడు. కొత్తగా అంగడి పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, పేరు కొనుక్కుని ఇత్తడి ఫలకం మీద చెక్కించి తగిలించాలి. పేర్లన్నిటికీ అప్పటికే శాస్త్రిగారు తన పేర పట్టా పుట్టించుకున్నాడు. పొట్టిగా, నోటికి పట్టే పేరుకు ఏనుగు ధర. నోరు తిరగని పేరుకు మేక ధర.

ఒకనాడు ఓబులమ్మ అనే ఆవిడ సభకొచ్చి దణ్ణం పెట్టింది.

"మహాప్రభో! రేవు నుంచి సంత దాకా దారి పొడుగునా నీడ లేదు. ఎండకు మాడుతున్నారు, వానకు నానుతున్నారు. తూర్పు ద్వారం దగ్గర గొడుగు అద్దెకు తీసుకోవడం, పడమటి ద్వారం దగ్గర ఇచ్చేసి పోవడం, అదీ నేను పెట్టదలచిన అంగడి. అటు కొసన మా చెల్లెలు కూర్చుంటుంది. ఎడ్లను అమ్మి నూరు వరహాలు పోగుచేశాను. శాస్త్రిగారేమో పేరుకే నూరూ అడుగుతున్నారు."

"ఏం పేరు?" అన్నాడు రాజు.

"ఛత్రం," అన్నాడు శాస్త్రి కళ్ళు మూసుకుని. "ఒక్క మాట. రాజసం ఉట్టిపడే మాట. ఆ పేరుంటే జనం పరిగెత్తుకొస్తారు."

"మరి గొడుగులు ఎట్టా కొనేది సామీ?" అంది ఓబులమ్మ.

"పేరు ముందు, సరుకు తరవాత! పేరు లేని అంగడి కిరీటం లేని రాజు వంటిది," అన్నాడు ఉద్దండభూపతి. ఆ మాట ఆయనకే ఎంతో నచ్చి, రెండోసారి కూడా అన్నాడు.

సభంతా తలలూపింది. తిప్పన్నకు మాత్రం నవ్వొచ్చింది. ఆపుకుందామనుకునేలోపు అది బయటికే వచ్చేసింది.

"ఏమిట్రా ఆ ఇకిలింపు?" అని రాజు ఉరిమాడు.

"చెరొక నూరు వరహాలతో ఇద్దర్నీ అంగడి పెట్టమనండి ప్రభూ. శాస్త్రిగారు పేరు కొనుక్కుంటారు. ఈవిడ గొడుగులు కొనుక్కుంటుంది. ఎల్లుండి సంత. తూర్పు ద్వారం దగ్గర తమరే స్వయంగా విచ్చేసి తీర్పు చెప్పండి."

"సరే! ఓడితే ఆవిడ పెట్టుబడంతా శాస్త్రిది. నీ కొలువు ఊడినట్టే."

ఓబులమ్మ మొహం పాలిపోయింది. బయటికొచ్చాక తిప్పన్న చెయ్యి పట్టుకుంది. "నాయనా, నీకు కొలువు పోతే నోరుంది, ఇంకెక్కడైనా బతుకుతావు. నాకింక ఎడ్లు కూడా లేవు."

"భయపడకక్కా. ఆ రోజు ఎండ కాసినా మనదే, వాన కురిసినా మనదే," అన్నాడు తిప్పన్న. అన్నాడే గానీ, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

సంతరోజు వచ్చింది. శాస్త్రిగారి అంగడికి మామిడాకుల తోరణాలు, సన్నాయి మేళం. పైన ఇత్తడి ఫలకం ధగధగ మెరుస్తోంది. లోపల గొడుగొక్కటీ లేదు. నూరు వరహాలూ పేరు ధర కింద తన పెట్టెలోనే వేసుకున్నాడు, గొడుగులకు కాసు మిగల్లేదు. శాస్త్రి చేతులు నలుపుకుంటుంటే రాజు జాలిపడి, "నా వెల్లగొడుగు పెట్టుకోవయ్యా. ఛత్రం అన్న పేరుకు అంతకన్నా తగిన సరుకేముంది!" అని తన గొడుగే ఇచ్చేశాడు.

పక్కన ఓబులమ్మ తాటాకు గొడుగుల కుప్ప ముందు గోనెపట్టా మీద కూర్చుంది. ఫలకమూ లేదు, పేరూ లేదు.

తిప్పన్న తిన్నగా శాస్త్రి దగ్గరికి నడిచి, కాసు అద్దె కట్టాడు. తొలిబేరం కాదంటే అరిష్టం. శాస్త్రి ఉబ్బిపోతూ వెల్లగొడుగు చేతికిచ్చాడు. తిప్పన్న దాన్ని విప్పి, దర్జాగా సంత దారి పట్టాడు. కాపలా భటులు గొడుగును చూసి వరసగా దండాలు పెట్టారు.

కాసేపటికి మబ్బు కమ్మింది. వాన కుండపోతగా దిగింది.

పొద్దుటి నుంచీ ఆవిడ నోటి దురుసు చూస్తున్న రేవు జనం ఓబులమ్మ మీద పడ్డారు. "గయ్యాళమ్మా, నాకొకటి!" "అమ్మా, నాకు!" ఆవిడ ఒక్కొక్కరినీ తిడుతూనే ఇచ్చింది. "ఆకు చిరిగిందా, మా చెల్లెలు నీ వీపు చీరేస్తుంది!" తిట్లు తింటూ జనం నవ్వుకుంటూ పోయారు.

"శాస్త్రీ, గొడుగు!" అని అరిచాడు తడుస్తున్న రాజు.

"అద్దెకు పోయింది ప్రభూ... తిప్పన్న..."

అంతలో తిప్పన్నే తిరిగొచ్చాడు, వెల్లగొడుగు కింద, చుక్క నీరు పడకుండా.

"నా గొడుగు కింద నువ్వా!"

"అద్దె కట్టాను ప్రభూ. పడమటి ద్వారం దగ్గర అప్పగిద్దామంటే అక్కడ శాస్త్రిగారి మనిషి లేడు. పేరు ఇక్కడే ఉందిగానీ అంగడి అక్కడిదాకా రాలేదు."

"తర్కం తరవాత! ముందు నేనెక్కడ నిలబడను?"

తిప్పన్న వినయంగా ఇత్తడి ఫలకం వైపు చెయ్యి చూపించాడు. "నూరు వరహాల ఛత్రం ప్రభూ. దయచేయండి."

కోపం మీద రాజు నిజంగానే వెళ్ళి ఫలకం కింద నిలబడ్డాడు. దాని అంచు నుంచి ధార సరిగ్గా కిరీటం మీదికి దిగింది.

ఓబులమ్మ చూడలేకపోయింది. ఒక తాటాకు గొడుగు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నిటారుగా పట్టుకోవయ్యా! నీళ్ళన్నీ నా మీదే పోస్తున్నావు!" అనేసి, ఎవరిని కసిరిందో గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

రాజు తలెత్తి తాటాకు గొడుగును చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు తగ్గాక అడిగాడు:

"అయితే తిప్పన్నా, పేరుకు విలువే లేదంటావా?"

"అయ్యో, లేకపోవడమేమిటి ప్రభూ! తమరి పేరు చెప్పే కదా నేను ఊళ్ళో అప్పులు పుట్టిస్తున్నది. అయితే తమరు రాజ్యం గెలిచాకే బిరుదులు కట్టుకున్నారు. బిరుదులు కట్టుకుని రాజ్యానికి బయల్దేరలేదు. గొడుగులు చాలక జనం కొట్టుకునే రోజున ఈవిడ కూడా పేరు కొనుక్కుంటుంది. ఈలోగా జనమే ఒకటి పెట్టేశారు. గయ్యాళమ్మ గొడుగులని."

"కాసు ఖర్చు లేకుండా!" అంటూ రాజు మళ్ళీ నవ్వాడు. పేర్ల శాసనం అక్కడికక్కడే రద్దయింది. ఓబులమ్మకు ఎడ్ల జత ఇప్పించి, "ఆ ఇత్తడి ఫలకం కూడా నీదే. నీ అంగడికి తగిలించుకో," అన్నాడు.

"తగిలించడమెందుకు ప్రభూ? కరిగించి గొడుగు కర్రలకు పొన్నులు వేయిస్తాను. రాళ్ళ దారి, కొసలు అరిగిపోతున్నాయి."

శాస్త్రి మూలిగాడు. రాజు తన చేతి కంకణం తీసి తిప్పన్నకు తొడిగాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

తిప్పన్న అందరికన్నా ముందే, అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు. రాజులకు బుద్ధి చెప్పడం వచ్చిందిగానీ, తన చమత్కారానికి తానే ముందు నవ్వకుండా ఉండటం మాత్రం అతనికి ఇప్పటికీ రాలేదు.