పేరిశాస్త్రి పొగిడిన కొత్త కార్డు

పసిడిగిరి మహారాజు జయకేతువుకి ఒకటే సరదా, కంప్యూటర్‌లో రథం తోలడం. పొరుగు రాజుతో ఏ పంతం వచ్చినా అందులోనే తేల్చుకునేవారు. యుద్ధాల కన్నా అదే నయమని మంత్రులు కూడా ఊరుకున్నారు.

ఒకరోజు ఆఖరి మలుపులో తెర మీది గుర్రాలు కాళ్ళు గాల్లో పెట్టి అలాగే నిలబడిపోయాయి. అవి మళ్ళీ కదిలేసరికి పొరుగు రాజు గెలిచేసి భోజనానికి వెళ్ళిపోయాడు.

మా రాజుగారు నిండు సభలో మండిపడ్డారు.

"బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు కొని ఆరేళ్ళయింది. దాన్ని మార్చాలా, ఉంచాలా? రేపు సాయంత్రం మళ్ళీ పందెం ఉంది. సరిగ్గా చెప్పినవాళ్ళ కాలికి గండపెండేరం తొడుగుతాను. తప్పు చెప్పినవాళ్ళు కోటలో ఉద్యోగం మరిచిపోవచ్చు."

ఆ ఆస్థానంలో యంత్రపండితుణ్ణి నేనే. పేరు పేరిశాస్త్రి. రాజుగారి మాట పూర్తయ్యీ కాకముందే లేచాను.

"మార్చాల్సిందే ప్రభూ. అది ముసలిదైపోయింది. ఇంక దేనికీ పనికిరాదు."

ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆరేళ్ళలో ఆ కంప్యూటర్ పెట్టె మూత ఒక్కసారి కూడా విప్పి చూసినవాణ్ణి కాను. పండితుడు స్క్రూడ్రైవర్ పట్టుకుంటే పరువేం కావాలి? ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. కొత్తది వస్తే పాతదాన్ని గుట్టుగా మా ఇంటికి పట్టుకుపోదామని నా ఆశ. సభలో పనికిరాదన్న కార్డు మా ఇంట్లో భేషుగ్గా పనికొస్తుందని అప్పుడే లెక్క వేసుకున్నాను.

రాజుగారి వెనక వింజామర వీస్తున్న గవరమ్మ చెయ్యి ఆపింది.

"ఉంచాలని నేనంటాను, దొరా."

సభంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

"నీకేం తెలుసు, గవరమ్మా?" అన్నారు రాజుగారు.

"కార్డుల సంగతి తెలీదు దొరా, ఉక్క సంగతి తెలుసు. నేను చెయ్యి ఆపి రెండు నిమిషాలు కాలేదు, తమకి చెమట పట్టింది, చిరాకూ పెరిగింది. ఆ పెట్టె వెనక చెయ్యి పెడితే చుర్రుమంటోంది. దానికీ గాలి ఆడటం లేదేమో చూడాలి కదా."

"తప్పయితే నీ పని కూడా పోతుంది."

"తెలుసు, దొరా. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. ఊరికే అనడం లేదు."

నా మాట మీద రాజుగారు తెప్పించిన కొత్త కార్డు మర్నాటి మధ్యాహ్నానికి పట్నం నుంచి చెక్కపెట్టెలో దిగింది. దాన్ని బిగించేదెవరన్న మాట రాగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. దేన్ని ఎక్కడ దూర్చాలో నాకు తెలిస్తే కదా.

గవరమ్మే ఆదుకుంది.

"శాస్త్రిగారు పెద్దవారు, ఆయన చేతులకి మసి ఎందుకు? ఏది ఎక్కడ ఉండాలో నేను చూసుకుంటాను."

నా గౌరవం తెలిసిన మనిషి అనుకుని పొంగిపోయాను. ఆమె చెక్కపెట్టె తీసుకుని, కంప్యూటర్ పెట్టె ఉన్న గుడ్డతెర వెనక్కి వెళ్ళింది. సాయంత్రానికి బయటికి వచ్చి, శాలువా కప్పిన ఎత్తు పీట ఒకటి వేసి నన్ను కూర్చోమంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

పందెం మొదలైంది. గుర్రాలు ఎక్కడా తడబడలేదు. ఆఖరి మలుపు సర్రున తిరిగి రాజుగారు గెలిచేశారు. పొరుగు రాజు తన ఆట కట్టేశాడు.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు.

"చూశారా ప్రభూ, ఆ జూలులో ఒక్కొక్క వెంట్రుకా ఎలా కనిపిస్తోందో! చక్రాల కింద దుమ్ము చూడండి, రేణువులు లెక్క పెట్టుకోవచ్చు. ఆ పాత కార్డు ఏడు జన్మలెత్తినా ఇది చెయ్యగలదా? కొత్తదాని దర్జాయే వేరు."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆశువుగా ఒక పద్యం కూడా అల్లి, రాగం తీసి చదివాను. రాజుగారు గండపెండేరం తెప్పించారు. నేను వినయంగా కుడికాలు చాచాను.

"శాస్త్రిగారూ, ఒక్కసారి లేచి ఆ శాలువా తీస్తారా?" అంది గవరమ్మ.

తీశాను. కింద చెక్కపెట్టె ఉంది. పట్నంలో వేసిన లక్క ముద్ర చెక్కు చెదరలేదు.

"కొత్త కార్డు మీద మీరు కూర్చున్నారు. మీరు పొగిడింది పాతదాన్ని."

రాజుగారు నా వంకా, పెట్టె వంకా మార్చి మార్చి చూశారు.

"మరి నిన్న ఆగిపోయింది ఇవాళ ఎలా పరిగెత్తింది?"

గవరమ్మ తెర వెనక నుంచి ఒక పళ్ళెం తెచ్చింది. అందులో ఎండిన బంతిరేకులు, అక్షింతలు, గట్టిపడిన గంధం పెళ్ళలు, కుంకుమ, కర్పూరం మసి. ఏటా దసరాకి ఆ యంత్రానికి ఆయుధపూజ చేసేది నేనే. గాలి పోయే కన్నాలన్నిటికీ గంధం మెత్తి బొట్లు పెట్టేవాణ్ణి.

"శాస్త్రిగారు శ్రద్ధగా చేశారు దొరా. ఆరేళ్ళూ ఒక్క కన్నం కూడా వదల్లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని కుంచెతో దులిపాను, అంతే."

ఉద్యోగం ఊడిందని ఖాయం చేసుకుని, ఉత్తరీయం సర్దుకుని గుమ్మం వైపు కదిలాను.

"ఆయన్ని పంపెయ్యకండి, దొరా," అంది గవరమ్మ.

"ఎందుకు?"

"పాతది చాలునని నేను ఎంత చెప్పినా తమరు నమ్మేవారా? ఆయన పద్యం చదివి మరీ రుజువు చేశారు."

రాజుగారు సింహాసనం మీద వెనక్కి వాలి పగలబడి నవ్వారు. సభంతా నవ్వింది. చివరికి నాకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే రాజుగారు నా ఉద్యోగం నాకు వదిలేసి, గండపెండేరం గవరమ్మ కాలికి స్వయంగా తొడిగారు. ఆమె వింజామర అందుకుని ఆ కంప్యూటర్ పెట్టెకి విసురుతూ నిలబడింది మాత్రం నేనే.